ఇంతకీ మా డాక్టరు ఎవరు?

మా పెద్దబాపును డిశ్చార్జి చేసిన రోజు బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఒక అమ్మాయి మా పెద్దమ్మ చేతిలో ట్యాబ్ పెట్టింది. స్క్రీన్ మీద ఐదు నక్షత్రాలు. వాటి పైన ‘మీ డాక్టర్ సేవలతో ఎంతవరకు సంతృప్తి చెందారు?’ అనే ప్రశ్న. పెద్దమ్మకు చదువు రాదు. నేనే చదివి వినిపించాను.

‘‘ఏ డాక్టర్ సంగతి కొడుకా?’’ అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. తొమ్మిది రోజులు ఆ ఆసుపత్రిలో ఉన్నాం. రోజుకు నలుగురైదుగురు వచ్చి చూసి వెళ్లేవారు. తెల్లకోటు కనబడితే చాలు, పెద్దమ్మ లేచి దండం పెట్టేది. వాళ్లలో డాక్టర్ ఎవరో, చదువుకుంటున్న పిల్లలు ఎవరో, ల్యాబ్ టెక్నీషియన్ ఎవరో ఆమెకు తెలియదు. నిజం చెప్పాలంటే బీటెక్ చదివిన నాకూ తెలియదు. డిశ్చార్జి సమ్మరీ మీద ఎవరి పేరు ఉందో, ఆయన్ని మేం చూసింది రెండే సార్లు. ‘‘ఐదు నొక్కండమ్మా, వెనక చాలామంది ఉన్నారు’’ అంది ఆ అమ్మాయి. పెద్దమ్మ ఐదు నొక్కింది. ఆ నెల ఆ ఆసుపత్రి డ్యాష్‌బోర్డులో మా ఇంటి నుంచి ఒక ఐదు నక్షత్రాలు చేరాయి.

కథ అక్కడితో అయిపోతే ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు. పెద్దబాపు చేరింది న్యుమోనియాతో. లోపల ఉండగానే షుగర్ కూడా ఉందని తేలింది. రెండింటికీ వైద్యం చేశారు, బాగానే చేశారు. ఇంటికొచ్చిన పది రోజులకు దగ్గు పోయింది, జ్వరం పోయింది. ‘ఇంకెందుకు గోలీలు’ అని ఆయన అన్నీ ఆపేశాడు. అందులో షుగర్ గోలీలు కూడా ఉన్నాయి. అవి జ్వరానివే అనుకున్నాడు. సమ్మరీలో అంతా రాసే ఉంది, ఇంగ్లీషులో. మూడు వారాలకు మళ్లీ కళ్లు తిరిగి పడిపోతే మళ్లీ అడ్మిట్ చేశాం. రెండోసారి అయిన ఖర్చుకు ఆ ఏడాది పత్తి పైసలు పోయాయి.

వైద్యం సరిగ్గా జరిగింది. మాటే జరగలేదు. ఉద్యోగాల పేజీలో ఈ సంగతి ఎందుకంటారా? ఆ మాట జరిగేలా చూడటం కూడా ఒక ఉద్యోగమే. ప్రపంచంలో కొన్ని చోట్ల దానికోసం ప్రత్యేకంగా డాక్టర్లే ఉన్నారు. మన దగ్గర ఆ పని ఎవరిదో ఇంకా తేలలేదు. తేల్చే అవకాశం మీలో కొందరి చేతుల్లో ఉంది.

జాతరలో కనబడేది, వార్డులో కనబడనిది

మాది తాడ్వాయి మండలం, మేడారానికి దగ్గరి ఊరు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి సమ్మక్క చిలుకలగుట్ట దిగి గద్దెకు వస్తుంది. ఆ నాలుగు రోజులు మా అడవి పెద్ద పట్నం అయిపోతుంది. జాతరకు టీటీడీ కల్యాణ మండపంలో 50 పడకల తాత్కాలిక ఆసుపత్రి పెడతారు. దారి పొడవునా మెడికల్ క్యాంపులు ఉంటాయి. 2018 జాతరకు నేను బీటెక్ ఫైనలియర్. ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీరుగా ఒక క్యాంపు దగ్గర డ్యూటీ చేశాను. వచ్చినవాళ్ల పేరు, ఊరు రాసి లోపలికి పంపడం నా పని.

ఆ క్యాంపులో హంగులేమీ లేవు. ఒక టెంటు, రెండు బల్లలు, మందుల డబ్బాలు. అయినా జంపన్నవాగులో స్నానం చేసి జ్వరంతో వచ్చిన ముసలాయన డాక్టరుకు ఎదురుగా కూర్చునేవాడు. డాక్టరు అడిగేది, ఆయన చెప్పేది. ‘ఇది పొద్దున, ఇది రాత్రి’ అని గోలీలు చేతిలో పెట్టి చెప్పేవారు. రెండు మూడు నిమిషాలే పట్టేది. కానీ ఎవరు చూశారో, ఏం చెప్పారో మనిషికి తెలిసేది.

ఎవరికైనా సీరియస్ అయితే 108లో పంపేవారు. అప్పుడు వెంట వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ‘‘అక్కడ ఎవలు చూస్తరు సారు?’’ దానికి మాలో ఎవరి దగ్గరా జవాబు ఉండేది కాదు. ‘అక్కడ డాక్టర్లు ఉంటారు, పొండి’ అనేవాళ్లం. ఆ రోజు నాకు అది పెద్ద విషయం అనిపించలేదు. పెద్దమ్మ ట్యాబ్ పట్టుకుని అదే ప్రశ్న అడిగాక గానీ తలకెక్కలేదు.

జాతర అయిపోయాక టెంట్లు పీకేస్తారు. మిగతా రోజుల్లో మా దిక్కు మనిషికి జ్వరం ముదిరితే తాడ్వాయి, ఏటూరునాగారం, ములుగు. అక్కడా కాకపోతే దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న వరంగల్. అడ్మిట్ అయ్యాక మొదలయ్యేదే అసలు కథ.

అమెరికాలో దీనికో పేరుంది

ఒకప్పుడు అమెరికాలో రోగి ఆసుపత్రిలో చేరితే అతని ఫ్యామిలీ డాక్టరే పొద్దున్నే వచ్చి చూసి, తర్వాత తన క్లినిక్‌కు వెళ్లిపోయేవాడు. మధ్యాహ్నం ఏదైనా అయితే ఫోన్లే. ఖర్చులు పెరిగి, జబ్బులు జటిలమయ్యాక ఆ పద్ధతి నడవలేదు. క్లినిక్ లేకుండా, రోజంతా ఆసుపత్రిలోనే ఉండి, చేరినవాళ్లను మాత్రమే చూసే డాక్టర్లు వచ్చారు. 1996లో కాలిఫోర్నియాకు చెందిన రాబర్ట్ వాక్టర్, లీ గోల్డ్‌మన్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక మెడికల్ జర్నల్ వ్యాసంలో వీళ్లకు ‘హాస్పిటలిస్ట్’ అని పేరు పెట్టారు. ఆ పేరు నిలిచిపోయింది. ఇవాళ అక్కడ ఇది పెద్ద విభాగం. మన దగ్గర ఎంబీబీఎస్ చేసి వెళ్లి, ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ పూర్తిచేసిన తెలుగు డాక్టర్లలో చాలామంది చేస్తున్నది ఈ ఉద్యోగమే. మీ ఊళ్లో ఎవరి కొడుకో, కూతురో ‘అమెరికాలో డాక్టర్’ అంటే ఒకసారి అడిగి చూడండి.

హాస్పిటలిస్టు వచ్చాక ఒక లాభం, ఒక చిక్కు. లాభం ఏంటంటే, మధ్యాహ్నం మూడింటికి రిపోర్టు వస్తే చూసే మనిషి అక్కడే ఉంటాడు. చిక్కు ఏంటంటే, రోగికి అతను కొత్త మనిషి. ఇరవై ఏళ్లుగా తెలిసిన డాక్టర్ పోయి, మంచాన పడ్డ రోజే పరిచయమైన డాక్టర్ వచ్చాడు. పైగా షిఫ్టులు. వారం పని, వారం సెలవు అనే పద్ధతి అక్కడ మామూలు. అంటే మధ్యలో డాక్టర్ మారిపోతాడు.

షికాగో యూనివర్సిటీ ఆసుపత్రిలో చేరినవాళ్లను ‘మిమ్మల్ని చూస్తున్న డాక్టర్ పేరేంటి?’ అని అడిగిన అధ్యయనం 2009లో వచ్చింది. 2,807 మందిని అడిగితే 75 శాతం మంది ఒక్క పేరు కూడా చెప్పలేకపోయారు. చెప్పిన కొద్దిమందిలోనూ సరిగ్గా చెప్పింది 40 శాతమే. అది చదివాక మా పెద్దమ్మ మీద నాకు గౌరవం పెరిగింది. అడవి పక్క ఊరి మనిషి, షికాగో మనిషి ఒకే చోట ఇరుక్కున్నారు. తేడా ఒక్కటే. వాళ్లు ఆ ప్రశ్న అడిగి లెక్కగట్టారు. మనం ఐదు నక్షత్రాలు నొక్కించి ఇంటికి పంపాం.

మన వార్డులో ఎవరు ఏంటి?

మన దగ్గర హాస్పిటలిస్ట్ అనే బోర్డు పెద్దగా కనబడదు. పని మాత్రం ఉంది. ప్రైవేటు ఆసుపత్రిలో పెద్ద డాక్టర్ పొద్దున రౌండ్‌కు వస్తాడు, మంచం దగ్గర రెండు నిమిషాలు. మిగతా ఇరవై మూడు గంటల చిల్లర ‘డ్యూటీ డాక్టర్’ది. వరంగల్ ఎంజీఎం లాంటి టీచింగ్ ఆసుపత్రిలో యూనిట్ పద్ధతి. యూనిట్ చీఫ్, అసిస్టెంట్ ప్రొఫెసర్లు, పీజీలు, హౌస్ సర్జన్లు. మీరు ఏ రోజు చేరితే ఆ రోజు అడ్మిషన్ ఉన్న యూనిట్ మీది. కేస్ షీట్ మీద ఆ యూనిట్ పేరు ఉంటుంది. రోగికి గుర్తుండేది మాత్రం వార్డు నంబరు, మంచం నంబరు.

అంటే హాస్పిటలిస్టు పనిలో ఎక్కువ భాగం మన దగ్గర చేస్తున్నది పీజీలు, హౌస్ సర్జన్లు, డ్యూటీ డాక్టర్లు. వయసు 23 నుంచి 30. మన వయసు వాళ్లే. రాత్రంతా డ్యూటీ చేసి పొద్దున మళ్లీ రౌండ్‌లో నిలబడేవాళ్లు. వాళ్లకు ఇంజెక్షన్ ఎలా ఇవ్వాలో నేర్పించారు. ఇంగ్లీషులో సమ్మరీ రాయడం నేర్పించారు. ‘షుగర్ జీవితాంతం ఉంటది పెద్దనాయనా, ఈ గోలీ ఆపొద్దు’ అని కూర్చుని చెప్పడానికి కావల్సిన ఐదు నిమిషాలు మాత్రం డ్యూటీ చార్టులో ఎవరూ రాయలేదు.

ఇంకో సంగతి. అమెరికా సర్వేల్లో ‘రోగి సంతృప్తి’ అంటే రోగిదే. మన దగ్గర రోగి వెంట ఇద్దరు ముగ్గురు ఉంటారు. శాంపిల్ పట్టుకుని ల్యాబ్‌కు పరుగెత్తేది వాళ్లే, రక్తం కోసం తిరిగేది వాళ్లే, వరండాలో చాప వేసుకుని పడుకునేది వాళ్లే. రోగి స్పృహలో లేకపోతే నిర్ణయం తీసుకునేదీ వాళ్లే. మన ఫీడ్‌బ్యాక్ ఫారంలో అటెండెంట్‌కు ఒక గడి కూడా ఉండదు.

భాష కూడా ఉంది. మా దిక్కు కోయ కుటుంబాలు ఎక్కువ. ఇంట్లో కోయ భాష మాట్లాడే ముసలావిడ వరంగల్ వార్డులో ‘అర్థమైందా?’ అంటే ‘ఆఁ’ అని తలూపుతుంది. అది అర్థమైనందుకు కాదు, సారు ముందు కాదనలేక. విదేశాల్లో డాక్టర్లకు దీనికి ఒక చిన్న పద్ధతి నేర్పిస్తారు. ‘అర్థమైందా’ అని అడగకూడదు. ‘ఇంటికెళ్లాక ఈ గోలీ ఎప్పుడెప్పుడు వేసుకుంటారో మీరే నాకు చెప్పండి’ అని అడగాలి. రోగి తిరిగి చెప్పగలిగితేనే మనం చెప్పినట్టు లెక్క. మా పెద్దబాపును ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే పత్తి పైసలు మిగిలేవి.

ఆర్‌ఎంపీ దగ్గరికి ఎందుకు పోతారు?

చదువుకున్న మనం ఊళ్లోవాళ్లను తిడుతుంటాం. ‘గవర్నమెంటు దవాఖాన ఉండగా ఆర్‌ఎంపీ దగ్గరికి ఎందుకు?’ అని. నేనూ తిట్టాను. రెండోసారి అడ్మిట్ చేయడానికి ముందు పెద్దబాపు వెళ్లింది ఆయన దగ్గరికే. ఆ వైద్యం సరైనదని నేను చెప్పను. డిగ్రీ లేని మనిషి సెలైన్ ఎక్కించడం, స్టెరాయిడ్ పొడవడం ప్రమాదమే.

కానీ ఆయన చేసే ఒక పని చూడండి. ఇంటికొస్తాడు. మంచం మీద కూర్చుంటాడు. ‘ఏం దిన్నవ్ పెద్దయ్యా?’ అని అడుగుతాడు. ఫోన్ చేస్తే ఎత్తుతాడు. మా పెద్దమ్మకు ఆయన పేరు తెలుసు, ఆయన పిల్లల పేర్లు తెలుసు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. సగం వైద్యం తెలిసిన మనిషి పూర్తిగా మాట్లాడుతున్నాడు. పూర్తి వైద్యం తెలిసిన ఆసుపత్రి సగం మాట కూడా మాట్లాడటం లేదు. జనం ఎటు పోతారో చెప్పడానికి సర్వే అక్కర్లేదు.

రోగి సంతృప్తి అంటే ఏసీ గది, నవ్వే రిసెప్షనిస్టు అనుకుంటాం. మా ఊరివాళ్లకు అది చాలా మామూలు ప్రశ్న: నన్ను ఎవరు చూస్తున్నారు, నాకేమైంది, ఇంటికి పోయి ఏం చేయాలి? ఈ మూడింటికి జవాబు లేకపోతే మందులు సగంలో ఆగుతాయి. చెప్పకుండా డిశ్చార్జి చేయించుకుని పోతారు. ఒక్కోసారి మనిషి పోయాక వార్డులో గొడవ అవుతుంది, హౌస్ సర్జన్ మీద చెయ్యి పడుతుంది. వైద్య సిబ్బంది మీద దాడులను శిక్షించే చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే వచ్చింది. ఆ చట్టం ఉండాల్సిందే. కాకపోతే చట్టం గొడవ అయ్యాక వస్తుంది. మాట గొడవకు ముందు వస్తుంది.

ఒక స్టూలు సంగతి

రెండోసారి అడ్మిషన్‌లో, వేరే ఆసుపత్రిలో, ఒక హౌస్ సర్జన్ అమ్మాయి వచ్చింది. పక్క మంచం దగ్గరున్న స్టూలు లాక్కుని పెద్దబాపు తలదగ్గర కూర్చుంది. గోలీల షీట్ చేతిలో పట్టుకుని ఒక్కొక్కటే చూపిస్తూ ‘ఇది షుగర్‌ది, ఇది ఆపొద్దు’ అని చెప్పింది. పెద్దమ్మతో తిరిగి చెప్పించుకుంది. గట్టిగా నాలుగు నిమిషాలు. అప్పటి నుంచి ఇంట్లో ఆ గోలీ పేరు ‘స్టూలు బిడ్డ చెప్పిన గోలీ’.

ఇది మా ఇంటి ముచ్చట మాత్రమే అనుకున్నా. తర్వాత తెలిసింది, దీని మీద అచ్చంగా ప్రయోగమే జరిగిందని. 2023 డిసెంబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని ఒక ఆసుపత్రిలో, హాస్పిటలిస్టుల మీదే చేశారు. అసలు దేన్ని పరీక్షిస్తున్నారో డాక్టర్లకు చెప్పలేదు. కొన్నిసార్లు మంచానికి మూడడుగుల లోపు కుర్చీ వేసి పెట్టారు. కొన్నిసార్లు ఎప్పుడూ ఉండే చోటే వదిలేశారు. కుర్చీ దగ్గరగా ఉన్నప్పుడు 63 శాతం సార్లు డాక్టర్ కూర్చున్నాడు. లేనప్పుడు 8 శాతమే. గదిలో గడిపిన సమయంలో తేడా రాలేదు. రోగుల సంతృప్తి మాత్రం పెరిగింది.

ఇంజినీర్‌గా నాకు ఇందులో నచ్చింది ఇదే. డాక్టర్ స్వభావం మారలేదు, జీతం మారలేదు, శిక్షణ క్లాసు పెట్టలేదు. వస్తువు ఉండే చోటు మార్చారు, ప్రవర్తన మారింది. మనం కాలేజీలో సిస్టమ్ డిజైన్ అని చదివేది ఇలాంటిదే. ‘డాక్టర్లకు ఓపిక లేదు’ అని తిట్టుకుంటూ కూర్చోవడం కంటే వార్డుకు నాలుగు స్టూళ్లు కొనడం చవక.

అయితే మన వార్డుల్లో మంచాల మధ్య స్టూలు పట్టే జాగా కూడా ఉండదని నాకు తెలుసు. ఒక పీజీ చేతిలో అంతమంది రోగులుంటే ఎవరి దగ్గర కూర్చోగలరు? కాబట్టి స్టూలుతో అన్నీ అయిపోతాయని చెప్పను. మనుషులు కావాలి. కొత్త మెడికల్ కాలేజీలు వస్తున్నాయి, మా ములుగుకు కూడా 2024లో వచ్చింది. అక్కడ చదివే పిల్లలకు మొదటి ఏడాది నుంచే ఈ మాట నేర్పిస్తే పదేళ్లలో తేడా కనబడుతుంది.

నక్షత్రాలను నమ్మొద్దు

ఇక్కడ ఒక హెచ్చరిక, ముఖ్యంగా డేటా ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు. సంతృప్తిని కొలవాలి అనగానే మనవాళ్లు స్కోరు కనిపెడతారు, స్కోరును జీతానికి కడతారు. అమెరికా అదే చేసి చూసింది. అక్కడ డిశ్చార్జి అయినవాళ్లను అడిగే జాతీయ సర్వే ఉంది, పేరు ‘హెచ్‌క్యాప్స్’. డాక్టర్ల గురించి అందులో అడిగేవి చాలా సూటిగా ఉంటాయి. మీతో మర్యాదగా ఉన్నారా? మీ మాట శ్రద్ధగా విన్నారా? మీకు అర్థమయ్యేలా చెప్పారా? ఫలితాలను 2008 నుంచి జనం ముందు పెడుతున్నారు. 2012 అక్టోబర్ నుంచి ఆసుపత్రులకు ప్రభుత్వం ఇచ్చే డబ్బులో కొంత వాటితో ముడిపెట్టారు.

మంచి జరిగింది, ఆసుపత్రులు వినడం మొదలుపెట్టాయి. చెడూ జరిగింది. నొప్పి ఎంత బాగా తగ్గించారన్న ప్రశ్న వల్ల డాక్టర్ల మీద మత్తు మందులు రాయాలనే ఒత్తిడి వస్తోందని గొడవైంది. దాంతో 2018 చెల్లింపుల లెక్కలోంచి ఆ అంశాన్ని తీసేశారు. 2012లోనే వచ్చిన మరో పెద్ద అధ్యయనంలో, డాక్టర్ల పట్ల బాగా సంతృప్తిగా ఉన్నవాళ్లకు ఖర్చు ఎక్కువైందని, మరణాల రేటు కూడా ఎక్కువగా ఉందని తేలింది. ఇది దానివల్లే అది జరిగిందని చెప్పే రకం అధ్యయనం కాదు. కానీ ‘రోగి అడిగిందల్లా రాసిచ్చే డాక్టరే మంచి డాక్టర్’ అనుకునేవాళ్లకు చెంపపెట్టు. మన ఊళ్లో సెలైన్ ఎక్కించమని అడిగి ఎక్కించుకునే అలవాటు తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

మన దేశంలోనూ ప్రయత్నాలు ఉన్నాయి. కేంద్రం 2016లో ‘మేరా అస్పతాల్’ మొదలుపెట్టింది. ఆసుపత్రికి వెళ్లొచ్చాక ఎస్‌ఎంఎస్, ఫోన్ కాల్, యాప్ ద్వారా అభిప్రాయం చెప్పొచ్చు. ప్రభుత్వ ఆసుపత్రులకు ఇచ్చే జాతీయ నాణ్యతా గుర్తింపులో రోగుల అభిప్రాయ సేకరణ ఒక భాగం. ప్రైవేటులో ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కావాలన్నా అంతే. అంటే ఫారాలకు కొదవ లేదు. కొదవంతా ఆ ఫారం ఎవరు, ఎప్పుడు, ఏ భాషలో అడుగుతున్నారన్న దాని దగ్గర ఉంది.

పెద్దమ్మ విషయంలో మూడూ తప్పే. అడిగింది ఆసుపత్రి మనిషి. అడిగింది బిల్లు కట్టే చోట. అడిగిన భాష పుస్తకాల భాష. హెచ్‌క్యాప్స్‌లో డిశ్చార్జి అయిన 48 గంటల లోపు అడగకూడదు, ఆరు వారాలు దాటి అడగకూడదు. ఇంటికి పోయి, భయం పోయి, ఆలోచించుకున్నాక అడగాలన్నది దాని ఉద్దేశం. మా ఇంటికి పదో రోజు ఒక ఫోన్ వచ్చి ‘గోలీలు వేసుకుంటున్నారా?’ అని అడిగి ఉంటే అది సర్వేనూ అయ్యేది, వైద్యమూ అయ్యేది.

మీరేం చేయొచ్చు?

మీలో చాలామంది ఇప్పుడు ప్లేస్‌మెంట్ల వేటలో ఉన్నారు. అందరూ ఒకే కోడింగ్ టెస్టు రాసి, ఒకే నాలుగు కంపెనీల గేటు ముందు నిలబడుతున్నారు. హెల్త్‌కేర్ వైపు చూసేవాళ్లు కూడా ఏఐ, చాట్‌బాట్ అంటారు. ఫైనలియర్ ప్రాజెక్టులు నేను చాలా చూస్తుంటాను. ‘హాస్పిటల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్’ అనే పేరుతో అపాయింట్‌మెంట్ బుకింగ్ పేజీ ఒకటి తప్పకుండా ఉంటుంది. అది చేసినవాళ్లలో వార్డులోకి వెళ్లి ఒక గంట కూర్చున్నవాళ్లు ఎంతమంది?

నా సలహా ఇదీ. మీ దగ్గరలోని ఆసుపత్రి సూపరింటెండెంట్ దగ్గర మీ కాలేజీ లెటర్‌తో అనుమతి తీసుకోండి. డిశ్చార్జి అయ్యే వంద మందిని రెండే ప్రశ్నలు అడగండి. మిమ్మల్ని చూసిన డాక్టర్ పేరు తెలుసా? ఇంటికెళ్లాక ఏ గోలీ ఎప్పుడు వేసుకోవాలి? పేర్లు, ఫోన్ నంబర్లు రాయకండి. జవాబులు లెక్కపెట్టండి. ఆ తర్వాత ఒక చిన్న మార్పు చేసి చూడండి. మంచం దగ్గర డాక్టర్ పేరు, ఫొటో ఉన్న కార్డు కావచ్చు. సమ్మరీతో పాటు తెలుగులో, సూర్యుడు చంద్రుడు బొమ్మలతో గోలీల చీటీ కావచ్చు. కోయ భాషలో రికార్డు చేసిన వాయిస్ కాల్ కావచ్చు. మళ్లీ వంద మందిని అడగండి. ఇందులో కోడ్ తక్కువే ఉండొచ్చు. కానీ ఇంటర్వ్యూలో ‘మీరు ఏ సమస్య పరిష్కరించారు?’ అని అడిగినప్పుడు మీ దగ్గర చెప్పడానికి నిజమైన సంగతి ఉంటుంది.

ఉద్యోగాల విషయానికొస్తే, ఆసుపత్రిలో డాక్టర్, నర్సు కాకుండా బోలెడు పనులున్నాయి. క్వాలిటీ విభాగం, మెడికల్ రికార్డులు, పేషెంట్ కేర్ కోఆర్డినేటర్, ఇన్సూరెన్స్ డెస్క్. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచి నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో ‘ఆరోగ్యమిత్ర’లు ఉన్నారు. ఊరి మనిషికి, ఆసుపత్రికి మధ్య నిలబడే ఉద్యోగం అది. దాన్ని చిన్న ఉద్యోగంగా చూస్తాం. నన్నడిగితే పెద్దమ్మ ప్రశ్నకు జవాబు చెప్పగలిగే కుర్చీకి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది అదే. ఇంకా చదవాలనుకుంటే ఏ డిగ్రీ చేసినవాళ్లైనా హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ వైపు వెళ్లొచ్చు. హైదరాబాద్ నిమ్స్‌లో, ముంబై టిస్‌లో దీనికి పీజీ కోర్సులున్నాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఆసుపత్రుల రికార్డులను ‘ఆభా’ నంబర్‌తో కలిపే పని దేశమంతా నడుస్తోంది. రికార్డు కలిస్తే సరిపోదు, రోగికి అర్థం కావాలి అని పట్టుబట్టే ఇంజినీర్ ప్రతి టీములో ఒకరైనా ఉండాలి.

ఎంబీబీఎస్, నర్సింగ్ చదువుతూ ఈ పేజీ చదివేవాళ్లు ఉంటే ఒక్క మాట. మీ కష్టం తెలుసు. మీరు తప్పు చేస్తున్నారని ఈ వ్యాసం రాయలేదు. మీకు టైమ్ ఇవ్వని ఏర్పాటు మీద రాశాను. ఆ ఏర్పాటు మారేదాకా, రోజుకు ఒక్క మంచం దగ్గరైనా కూర్చుని పేరు చెప్పండి.

మా పెద్దబాపు ఇప్పుడు బాగానే ఉన్నాడు. షుగర్ గోలీ మానలేదు. మొన్న ఊరికి వెళ్లినప్పుడు పెద్దమ్మను ఊరికే అడిగాను, ‘‘ఆ రెండో దవాఖానకు ఎన్ని నక్షత్రాలు ఇస్తవే?’’ అని. ‘‘నక్షత్రాలు నాకేం ఎరుక కొడుకా. ఆ స్టూలు బిడ్డ పేరు అడిగిపెట్టు, ఈసారి జాతరకు రమ్మని చెప్పాలె’’ అంది.

ఆ పేరు నేను అడగలేదు. ఆ అమ్మాయి కోటు మీద బ్యాడ్జి కూడా లేదు.